జాజ్ చదువుకు ప్లాటు అమ్మాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఎనిమిదేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. ఏడాదిగా పాకిస్తానీ గాయని అరూజ్ ఆఫ్తాబ్ పాటలే వింటోంది. ఆమెలాగే అమెరికా వెళ్లి అక్కడి జాజ్ సంగీతం చదువుతానని, మన సంగీతాన్ని దానితో కలిపి సొంతంగా పాటలు కడతానని అంటోంది. మాకు ఒక ప్లాటు ఉంది, అమ్మి పంపిద్దామని మావారు అంటున్నారు. నాకేమో భయంగా ఉంది. ఇందులో బతుకుతెరువు ఉందా? జాజ్ కోసం కర్ణాటక సంగీతం మానేయాలా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి ముందు మీవారి తెగింపుకు ఆశ్చర్యపోయాను. పిల్లలు సంగీతం అనగానే ఇంట్లో పొయ్యి వెలగడం మానేసే ఉత్తరాలే నాకు ఎక్కువగా వస్తాయి. ఆయనకు నా నమస్కారం చెప్పండి. ప్లాటు మాత్రం ఇప్పుడే బేరానికి పెట్టవద్దని కూడా చెప్పండి.

మీ అమ్మాయి ఆరాధిస్తున్న గాయని నడిచిన దారిని సంవత్సరాలతో సహా ఒకసారి చూద్దాం. అరూజ్ ఆఫ్తాబ్ 1985లో సౌదీ అరేబియాలో పుట్టి, లాహోర్‌లో పెరిగారు. గిటార్ తనంతట తానే నేర్చుకున్నారు. 2005లో బోస్టన్‌లోని బర్క్లీ సంగీత కళాశాలకు వెళ్లారు, ఆ తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. ఇంత పేరు తెచ్చిన ‘వల్చర్ ప్రిన్స్’ 2021లో వచ్చింది, అది ఆమె మూడో ఆల్బమ్. అందులోని ‘మొహబ్బత్’కు 2022 ఏప్రిల్‌లో గ్రామీ వచ్చింది. పాకిస్తాన్ నుంచి ఆ పురస్కారం అందుకున్న మొదటి వ్యక్తి ఆమే. అప్పటికి ఆమెకు 37 ఏళ్లు, దేశం దాటి 17 ఏళ్లు. మీ అమ్మాయి ఫోనులో చూస్తున్నది దేశం దాటిన పదిహేడో ఏటి ఫొటో. అంతకుముందు గడిచిన పదహారేళ్ల ఫొటోలు ఆ ఫోనులో కనిపించవు.

ఇంకొక సంగతి. ఆమె బర్క్లీలో చదివింది జాజ్ స్వరరచన ఒక్కటే కాదు, రికార్డింగ్ ఇంజినీరింగ్ కూడా. మైకు ఎక్కడ పెట్టాలి, ఏ వాద్యం ఎంత వినిపించాలి, ఎక్కడ నిశ్శబ్దం ఉంచాలి అన్నది తెలిసిన మనిషి కట్టిన పాటలు అవి. ఆ ‘మొహబ్బత్’ ఆమె రాసుకున్న పాట కాదు. హఫీజ్ హోషియార్‌పురి గజల్ అది, మెహదీ హసన్ గొంతులో ఉపఖండమంతా విన్నదే. దాని వేగం ఆమె తగ్గించి, మాటకూ మాటకూ మధ్య చోటు పెంచారు. ఆ చోటులోకి జాజ్ వచ్చి కూర్చుంది. శబ్దం పని చేతికి తెలియకపోతే అది కుదిరేది కాదని నా నమ్మకం. మన సిద్ శ్రీరామ్ కూడా చెన్నైలో పుట్టి, కాలిఫోర్నియాలో పెరిగి, ఇంట్లో కర్ణాటక సంగీతం నేర్చుకుని, బర్క్లీలో చదివినవాడే. తెలుగు సినిమా పాటలతో ఇంటింటికీ తెలిశాడు కాబట్టి ఆ పేరు చెబితే మీవారికి సులువుగా అర్థమవుతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. బర్క్లీలో డిగ్రీ నాలుగేళ్లు. ఏడాదికి ఫీజే 50 వేల డాలర్లు దాటుతుంది. బోస్టన్‌లో గది, తిండి, బీమా కలిపితే నాలుగేళ్లకు రెండు కోట్ల రూపాయలు కూడా చాలవు. ఆడిషన్ బాగా చేసినవారికి ఉపకార వేతనాలు ఇస్తారు, అయితే మొత్తం ఫీజు మాఫీ అయ్యేది కొద్దిమందికే. విద్యార్థి వీసా మీద ఉన్నప్పుడు ఊళ్లో ఒక కాఫీ హోటల్లో సాయంత్రం పాడి, అనుమతి లేకుండా డబ్బు తీసుకోవడం కూడా నిబంధనలకు విరుద్ధం. చదువయ్యాక ఆ రంగంలోనే ఏడాది పని చేసుకోనిస్తారు. ఆ తర్వాత కళాకారులు ఎక్కువగా ప్రయత్నించేది అసాధారణ ప్రతిభ ఉన్నవారికి ఇచ్చే ఓ-1 వీసా. దానికి కచేరీలు, పత్రికల్లో వచ్చిన సమీక్షలు, పురస్కారాలు, పేరున్నవారి లేఖలు ఫైలు కట్టి చూపాలి. దరఖాస్తు కూడా కళాకారిణి తనంతట తాను వేసుకోలేదు, అక్కడి సంస్థో ఏజెంటో వేయాలి. సాఫ్ట్‌వేర్ చదివిన పక్కింటి అబ్బాయికి కంపెనీ చూసిపెట్టే పనులన్నీ ఇక్కడ మీ అమ్మాయే చూసుకోవాలి. కోటిన్నర అప్పు నెత్తిన ఉన్న ఇరవై రెండేళ్ల పిల్ల ఆ ఏడాదిలో పాటలు కట్టదు, వాయిదాలు లెక్కపెడుతుంది.

ఇక మీ రెండో ప్రశ్న. ఈ ఉత్తరంలో నాకు ఇష్టమైన ప్రశ్న అదే. కర్ణాటకం మానేయవద్దు. ఒక్క వారం కూడా.

నా గదిలో ఒక పాత కీబోర్డు ఉంది. సంగీతం వచ్చిన పిల్లలు ఎవరైనా వస్తే షడ్జం, అంటే ‘స’, పట్టుకుని ఆపకుండా పాడమంటాను. కింద నేను ముందు స–గ–ప మూడూ కలిపి నొక్కుతాను. పాట ఇంట్లోనే ఉన్నట్టు ఉంటుంది. తర్వాత ధ–స–గ నొక్కుతాను. గొంతులో షడ్జం అదే, కానీ పిల్లల ముఖంలో ఏదో మబ్బు కమ్ముతుంది. మూడోసారి మ–ధ–స. ఈసారి అదే షడ్జం ఎటో బయలుదేరబోతున్నట్టు ఉంటుంది. అన్నీ శంకరాభరణం రాగంలోని స్వరాలే, గాయకురాలు ఏమీ మార్చలేదు, కింద నేల మారింది. జాజ్ వాళ్లు హార్మనీ అనేది దీన్నే. ఒకే శ్రుతి మోగించే తంబూరా మీద పెరిగిన చెవికి నేల కదలడమన్నది తెలియదు. మీ అమ్మాయి కొత్తగా నేర్చుకోవలసిన పెద్ద విషయం ఇది. రెండోది పాశ్చాత్య స్వరలిపి చూసి అక్కడికక్కడే పాడటం. మన పిల్లలు ఆడిషన్లలో తడబడేది ఎక్కువగా దీని దగ్గరే.

మిగతాది ఆమె దగ్గర ఉన్నదే. ఆడిషన్‌లో అప్పటికప్పుడు అల్లి పాడమంటారు. ఎనిమిదేళ్ల సాధనలో కల్పనస్వరాలు, నెరవల్ లాంటి అప్పటికప్పుడు అల్లే పద్ధతులు చేసిన పిల్లకు అది కొత్త కాదు. అయితే మన గమకం, అంటే స్వరాన్ని ఊపి పలకడం, కార్డ్ (కలిపి నొక్కిన స్వరాల గుత్తి) మీద ఊరికే కూర్చోదు. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతూనే ఉంటుంది. పియానో మీట అలా ఊగలేదు. రెండూ ఒకేసారి మోగితే చెవిలో ఇసుక పడినట్టుంటుంది. కొందరు గమకం తీసేసి సర్దుకుంటారు. మరికొందరు అక్కడ వాద్యాన్ని ఆపి గొంతుకు దారి ఇస్తారు. ఎక్కడ ఏది చేయాలో తెలియాలంటే ముందు రాగం ఒంట్లో ఉండాలి. 2011 నుంచి బర్క్లీలోనే ఒక భారతీయ సంగీత బృందం నడుస్తోంది. ‘శురువాత్’ అనే వాళ్ల ఆల్బమ్ గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది. రాగం మరిచిపోయి అక్కడికి వెళ్లే పిల్ల ఆ గదిలో అందరికన్నా వెనక నిలబడుతుంది.

సంగీత కళాశాల గడప తొక్కితేనే ఈ పని అవుతుందని కూడా అనుకోవద్దు. అరూజ్‌తో కలిసి 2023లో ‘లవ్ ఇన్ ఎక్సైల్’ చేసిన పియానో విద్వాంసుడు విజయ్ అయ్యర్ అమెరికాకు వలస వెళ్లిన తమిళ దంపతుల కుమారుడు. ఆయన యేల్‌లో చదివింది గణితం, భౌతికశాస్త్రం. ఇప్పుడు హార్వర్డ్‌లో సంగీతం బోధిస్తున్నారు. ఎంపీసీ పిల్ల తల్లికి ఇది కాస్త ఊరట కలిగించే వార్త అనుకుంటాను. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ సంగతి సరేసరి. గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడి వినిపిస్తే, ఆయన పరాయి దేశపు వాద్యం మీద ఆ కృతులను పలికించారు. జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ తన ‘రిమెంబర్ శక్తి’ బృందంలోకి ఆయన్ను తీసుకున్నారు. శ్రీనివాస్‌ను అక్కడికి చేర్చింది వాద్యం, ఏ కళాశాల పట్టా కాదు.

కాబట్టి నేనైతే ఇలా చేస్తాను. ఇంటర్ మంచి మార్కులతో పూర్తి కానివ్వండి. తర్వాత రోజంతా పిండేయని మూడేళ్ల డిగ్రీ ఏదైనా ఇక్కడే చేయించండి. ఇంజినీరింగే కావాలన్న పట్టుదల మీకు ఉంటే ఆమెతో మాట్లాడి తేల్చుకోండి, సీటు వచ్చాక గొడవ పడకండి. ఈలోగా గురువు దగ్గర పాఠం సాగుతుంది. పాశ్చాత్య సంగీత సిద్ధాంతం ట్రినిటీ కాలేజ్ లండన్ వారి గ్రేడ్ పరీక్షల ద్వారా నేర్చుకోవచ్చు. చెన్నైలో ఏఆర్ రెహమాన్ 2008లో స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాల ఉంది, అక్కడ ఆడియో టెక్నాలజీ కూడా నేర్పుతారు. డిగ్రీ అయ్యాక ఆసక్తి ఇలాగే ఉంటే, స్పెయిన్‌లోని వాలెన్సియాలో బర్క్లీ వారి ప్రాంగణంలో ఏడాదిలో ముగిసే పీజీ కోర్సులు ఉన్నాయి. నాలుగేళ్ల ఖర్చు ఒక్క ఏడాదికి తగ్గుతుంది. ప్లాటు గురించి ఆలోచించవలసి వస్తే అప్పుడు ఆలోచిద్దాం.

బతుకుతెరువు ఉందా అంటే, సొంత పాటలే అన్నం పెట్టడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో పెట్టేది పక్క పని. రికార్డింగ్, మిక్సింగ్, ప్రకటనలకూ వెబ్ సిరీస్‌లకూ నేపథ్య సంగీతం, ఆన్‌లైన్‌లో ప్రవాస తెలుగు పిల్లలకు సంగీత పాఠాలు. చివరిది చాలామంది చిన్నచూపు చూస్తారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలకు ఉదయం ఆరింటికి సరళీస్వరాలు చెప్పి, ఆ డబ్బుతో మంచి మైకు కొనుక్కున్న అమ్మాయిలు నాకు తెలుసు.

ఈ నెల చేయవలసింది ఒకటే. టచ్ సెన్సిటివ్ మీటలున్న 61 కీల కీబోర్డు ఒకటి కొనిపెట్టండి, పదిహేను ఇరవై వేలలో దొరుకుతుంది. ప్రతి రాత్రీ అరగంట, తనకు బాగా వచ్చిన కృతి ఒకటి తీసుకుని, పల్లవిలో ప్రతి స్వరం కింద ఏ మూడు స్వరాలు నప్పుతాయో వెతికి ఒక నోటుబుక్కులో రాసుకోమనండి. ఉగాది నాటికి ఆ నోటుబుక్కు నిండితే, దాన్ని తీసుకుని ఇద్దరూ ఒకసారి రండి. రెండో పేజీ దగ్గరే ఆగిపోయినా రండి, కోప్పడను.