ఐఎన్ఆర్ పెరిగితే ప్లాస్మా ఎక్కించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారి వయసు 58. హెపటైటిస్-బి వల్ల సిరోసిస్ వచ్చి, ఇప్పుడు కాలేయంలో 3 సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డ బయటపడింది. ఆపరేషన్ చేస్తామన్నారు. ఐఎన్ఆర్ 1.6, ప్లేట్‌లెట్లు 46 వేలు ఉన్నాయి. రక్తం ఇంత పలచగా ఉంటే ముందే ప్లాస్మా ఎక్కించాలని మా మేనమామ పట్టుబడుతున్నారు. సర్జన్ గారు అక్కర్లేదంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: సర్జన్ మాటే సబబు. రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చూపే ఐఎన్ఆర్ అనే కొలత, రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ మందు వాడేవారికి మోతాదు సరిచూడడం కోసం వచ్చింది. సిరోసిస్ రోగికి ఆపరేషన్‌లో ఎంత రక్తం పోతుందో అది చెప్పలేదు. రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లనూ, అతిగా గడ్డకట్టకుండా ఆపే ప్రోటీన్ సి, యాంటీథ్రాంబిన్ వంటివాటినీ తయారుచేసేది కాలేయమే కనుక, అది దెబ్బతిన్నప్పుడు తక్కెడలో రెండు పళ్లాలూ తేలికవుతాయి, ముల్లు మాత్రం దాదాపు నడుమనే నిలుస్తుంది. ఐఎన్ఆర్ తూచేది ఒక్క పళ్లాన్నే. ఆ ముల్లు ఎటైనా ఇట్టే ఒరగగలదు. రక్తం పలచబడిందని మనం అనుకునే ఈ రోగుల్లోనే పోర్టల్ సిరలో (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే సిర) రక్తం గడ్డలు కట్టడం అరుదేమీ కాదు.

ప్లాస్మా ఎక్కిస్తే ఐఎన్ఆర్ అంకె పెద్దగా దిగదు గానీ, ఒంట్లో ద్రవం, దానితో పాటు పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి రక్తస్రావం ఎక్కువ కావచ్చు. కాలేయాన్ని కోసేటప్పుడు మత్తు డాక్టర్లు ద్రవాలను పొదుపుగా ఇచ్చి సిరల్లో ఒత్తిడిని తక్కువగా ఉంచేది అందుకే. గడ్డకట్టే తీరు మొత్తాన్ని చూపే థ్రాంబోఎలాస్టోగ్రఫీ పరీక్ష, గడ్డకట్టించే ప్రోటీన్ అయిన ఫైబ్రినోజెన్ ఎంత ఉందో చూసే పరీక్ష ఈ సందర్భంలో ఎక్కువ ఉపయోగపడతాయి. ఫైబ్రినోజెన్ బాగా తగ్గి రక్తస్రావం అవుతుంటే, ప్లాస్మా నుంచి తీసిన, ఫైబ్రినోజెన్ ఎక్కువగా ఉండే క్రయోప్రెసిపిటేట్ ఇస్తారు. కామెర్లు గానీ, తిండి సరిగా లేకపోవడం గానీ ఉంటే విటమిన్-కె కొంత మేలు చేస్తుంది.

నన్ను ఆలోచనలో పడేసింది ఐఎన్ఆర్ కాదు, ప్లేట్‌లెట్ల సంఖ్య. పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి ప్లీహం ఉబ్బి, ప్లేట్‌లెట్లను అది పట్టి ఉంచుతున్నదనడానికి ఇది సూచన. అంత ఒత్తిడి ఉన్నవారిలో కోత తర్వాత మిగిలిన కాలేయం తట్టుకోలేకపోయే ప్రమాదం ఎక్కువ. కాబట్టి ఎండోస్కోపీలో అన్నవాహిక సిరలు ఉబ్బి ఉన్నాయా, ఇంత చిన్న గడ్డకు సూదితో కాల్చే అబ్లేషన్ గానీ, కాలేయ మార్పిడి గానీ మేలా అని సర్జన్‌ను తప్పక అడగండి. ఆపరేషనే ఖాయమైతే, ప్లేట్‌లెట్లను పెంచే అవాట్రాంబోపాగ్, లూసుట్రాంబోపాగ్ మాత్రల విషయం తేదీకి రెండు వారాల ముందే మాట్లాడండి. అవి పనిచేయడానికి రోజులు పడుతుంది, పైగా మొదలుపెట్టే ముందు డాప్లర్ స్కాన్‌లో పోర్టల్ సిరలో రక్తపు గడ్డ లేదని చూసుకోవాలి. బాగా అవసరమైతే ఆపరేషన్ సమయంలో ప్లేట్‌లెట్లు ఎక్కిస్తారు, కానీ వాటి ప్రభావం కొద్ది రోజులే.

ఆస్పిరిన్, నొప్పి మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. హెపటైటిస్-బి మాత్రలను మాత్రం ఒక్కరోజు కూడా ఆపవద్దు. ఆపరేషన్ తర్వాత గడ్డలు కట్టకుండా హెపారిన్ ఇంజెక్షన్ ఇస్తామని డాక్టర్లు అనవచ్చు. అప్పుడు మీ మేనమామగారు కంగారు పడకుండా ఈ తక్కెడ సంగతి ఆయనకు ముందే చెప్పి ఉంచండి.