నాలుగుసార్లు కలిసిన మనిషితో నీళ్ల మీద నాలుగు రాత్రులు

ప్రశ్న: మాది నెల్లూరు. బెంగళూరులో మారతహళ్లి దగ్గర పీజీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. వయసు 27. ఆగస్టు మూడో వారంలో పెళ్లి. అబ్బాయి చెన్నైలో బ్యాంకు ఉద్యోగి. పెళ్లిచూపులతో కలిపి ఇప్పటికి నాలుగుసార్లు కలిశాం. హనీమూన్‌కి మాల్దీవులే అని ఆయన పట్టుబట్టారు. నీళ్ల మీద కట్టిన విల్లాలో నాలుగు రాత్రులు, ఇద్దరికీ 3,40,000. అందులో రెండు లక్షలు ఈఎంఐ పెడదామంటున్నారు. శనివారం లోపు 25,000 అడ్వాన్స్ కడితేనే ఈ రేటు అని ఏజెంటు తొందరపెడుతున్నాడు. నాకు ఈత రాదు, నీళ్లంటే భయం. ఈ సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు. నేను శాకాహారిని. అత్తగారేమో శ్రావణ మంగళవారాల నోము అయ్యేదాకా కదలొద్దు, మొదటి ప్రయాణం అమ్మవారి దగ్గరకే అంటున్నారు. అందుకే సెప్టెంబరు మధ్యలో వెళ్దామనుకుంటున్నాం. వద్దంటే ఆయన చిన్నబుచ్చుకుంటారేమో. అసలు ఏ దీవి మంచిది?

జవాబు: సెప్టెంబరులో, మీరు చెప్పిన పరిస్థితిలో, మాల్దీవులు వద్దు. తొమ్మిది రోజుల సెలవు దొరికితే బాలి, అయిదు రోజులే దొరికితే శ్రీలంక తూర్పు తీరంలోని ట్రింకోమలి. ఇలా చెప్పడంలో వానది చిన్న పాలు, డబ్బుది కాస్త పెద్ద పాలు. అసలు పాలు మీ నాలుగుసార్ల పరిచయానిది.

మాల్దీవుల్లో రిసార్టు అంటే ఒక దీవికి ఒకే హోటలు. చాలా దీవుల్ని పావుగంటలో చుట్టి రావచ్చు. అలా బయటికెళ్లి టీ తాగొద్దామంటే అక్కడ బయట అంటూ ఏమీ ఉండదు. ఏళ్ల పరిచయం ఉండి, ఆఫీసులతో అలిసిపోయిన జంటకు అంతకన్నా కావలసింది లేదు. మీకేమో ఆయన కాఫీలో చక్కెర ఎంతో కూడా ఇంకా తెలియదు. అలాంటి ఇద్దర్ని నీళ్ల మీది గదిలో కూర్చోబెడితే రెండో రోజు మధ్యాహ్నానికి మాటలు అయిపోతాయి. పైగా సాయంత్రం గదిలోకి వచ్చేసరికి మంచం మీద పూలతో గుండె బొమ్మ వేసి ఉంటుంది. దాన్ని చూడగానే ఇద్దరికీ ఏదో పరీక్ష రాయబోతున్నట్టే ఉంటుంది. పెద్దలు కుదిర్చిన పెళ్లిలో మొదటి రోజుల్లో మాట కలవాలంటే ఎదురుగా మూడోది ఒకటి ఉండాలి. ఒక బజారు, దారి తప్పిన ఒక సందు, ఇద్దరికీ నచ్చని ఒక కూర ఉన్నా చాలు. మాట ఆగిపోయినా చూడ్డానికి ఏదో ఒకటి ఉంటుంది.

వాన సంగతి. మనకు కేరళ మీదుగా వచ్చే నైరుతి రుతుపవనాలే మే నుంచి అక్టోబరు దాకా మాల్దీవుల్ని కూడా తడుపుతాయి. రోజంతా కురవాలని లేదు గానీ గాలి, అలలు ఎక్కువ. నీళ్లు కలకబారితే పగడాలు సరిగా కనబడవు. ఈ నెలల్లో రేట్లు తగ్గేది అందుకే. ఏజెంటు చెబుతున్న తగ్గింపు కూడా ఈ సీజనుదే కావచ్చు. అండమాన్‌కూ అదే రుతుపవనం, అక్కడి స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హేవ్‌లాక్) దీవికి వెళ్లే ఫెర్రీలు ఆగిపోతే ప్లానంతా తలకిందులవుతుంది. ఫుకెట్‌లో ఈ కాలంలో బీచ్‌ల మీద ఎర్రజెండాలు ఎగురుతుంటాయి. లక్షద్వీప్ మాట కూడా అందుకే ఇప్పుడు ఎత్తొద్దు. మారిషస్ సెప్టెంబరులో చల్లగా బాగుంటుంది, ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇచ్చే దేశం కూడా. కానీ ఈతరాని మనిషి చలిలో సముద్రంలో దిగడం కష్టం. బాలి భూమధ్యరేఖకు అవతల ఉంది కాబట్టి అక్కడ ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడి కాలం.

ఇక ఆ కొటేషన్ కాగితం ముందు పెట్టుకుని చదవండి. రిసార్టుకు చేర్చేది స్పీడ్ బోటా, సీప్లేనా (నీళ్ల మీద దిగే చిన్న విమానం)? సీప్లేన్ అయితే మామూలుగా రానూపోనూ మనిషికి 400 నుంచి 600 డాలర్లు. అది 3,40,000లో కలిసిందో లేదో రాతపూర్వకంగా అడగండి. సీప్లేన్ వెలుగున్నంతసేపే ఎగురుతుంది. మీ విమానం మధ్యాహ్నం మూడున్నర దాటి దిగిందంటే ఆ రోజుకి అందకపోవచ్చు. అప్పుడు రాజధాని మాలే పక్కన హోటలు ఖర్చు మీదే, రిసార్టులో కట్టిన ఒక రాత్రి కూడా పోయినట్టే. సామాను మనిషికి 20 కిలోలు, చేతిసంచి 5 కిలోలు. పట్టుచీరల పెట్టెతో వెళ్తే తూకం దగ్గరే తేలిపోతుంది.

భోజనం ఏ పూటలకు? పొద్దుటి టిఫిను మాత్రమే ఉంటే మిగతా రెండు పూటలూ ఆ దీవిలోని ధరకే తినాలి. మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే దాని మీద 10 శాతం సర్వీస్ చార్జి, ఆ మొత్తం మీద 17 శాతం పన్ను పడతాయి. అంటే 100 డాలర్లు దాదాపు 129 అవుతుంది. ఇవి కాక గ్రీన్ ట్యాక్స్ రిసార్టుల్లో మనిషికి రోజుకు 12 డాలర్లు. ఇద్దరికి నాలుగు రాత్రులకు 96. ఇవన్నీ కలిపితే నాలుగు లక్షలు దాటడానికి ఎంతోసేపు పట్టదు.

ఈఎంఐ విషయంలో మాది గట్టి అభ్యంతరం. రెండు లక్షలకు 14 శాతం వడ్డీ, రెండేళ్లు అనుకుంటే నెలకు సుమారు 9,600. వడ్డీయే 30 వేలు దాటుతుంది. పెళ్లయ్యాక కాపురం బెంగళూరులోనా, చెన్నైలోనా అన్నది మీ ఉత్తరంలో లేదు. బెంగళూరులో అయితే ఇంటి అడ్వాన్సే నాలుగైదు నెలల అద్దె అడుగుతారు. బ్యాంకులో పనిచేసే మనిషికి లెక్క తెలియక కాదు. హనీమూన్ ఫొటోల్లో తక్కువగా కనబడకూడదన్న తాపత్రయం కావచ్చు. అది మీకోసమే అనుకుంటున్నారేమో కూడా. అడిగితే గానీ తెలియదు.

బాలి ఎలా చెయ్యాలో చెబుతాం. ఆరు రాత్రులు చాలు. మొదటి మూడు ఉబుద్‌లో, తర్వాతి మూడు నూసాదువాలో. ఈ వరుస మార్చొద్దు. ఉబుద్ లోపలి ఊరు: వరిమళ్లు, గుళ్లు, నడిచి తిరిగే బజారు. సముద్రం జోలి లేకుండా మూడు రోజులు గడుస్తాయి కాబట్టి మీకు భయం కాస్త వెనక్కి తగ్గుతుంది, ఇద్దరికీ మాట కలుస్తుంది. విమానాశ్రయం నుంచి 35 కిలోమీటర్లే అయినా ట్రాఫిక్‌లో గంటన్నర. బెంగళూరు సిల్క్‌బోర్డు కూడలి చూసినవాళ్లకు కొత్తేం కాదు. తిరుగు ప్రయాణానికి విమానాశ్రయం దగ్గర ఉండేది నూసాదువా. అక్కడ ఒడ్డుకు కొంత దూరంలో పగడాల గట్టు అలల్ని ఆపేస్తుంది, నీళ్లు నిలకడగా ఉంటాయి. కుటా, సెమిన్యాక్, ఉలువాటు వైపు బీచ్‌లు అలల మీద ఆటలాడేవాళ్లవి, మీకు కాదు. ఒక్క చిక్కు ఉంది: ఆటు వేళ నూసాదువా నీళ్లు మోకాలి లోతుకు తగ్గి నాచు బయటపడుతుంది. హోటల్లో ఆటుపోట్ల వేళలు అడిగి పోటు మీద దిగండి. నూసా పెనీడా అనే పక్క దీవికి స్పీడ్ బోటులో వెళ్లి ఫొటోలు దిగడం ఫ్యాషన్. దారిలో అలలు గట్టిగా ఉంటాయి, ఈసారికి వదిలేయండి.

వీసా అక్కడ దిగాక గానీ ముందే ఆన్‌లైన్‌లో గానీ తీసుకోవచ్చు, మనిషికి అయిదు లక్షల రూపియాలు. అంకె చూసి గుండె పట్టుకోవద్దు, మన డబ్బులో మూడు వేల లోపే. పర్యాటకుల రుసుము ఇంకో లక్షన్నర రూపియాలు. పాస్‌పోర్టులో కనీసం ఆరు నెలల గడువుండాలి. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అంటే మీ పుట్టింటి ఇంటిపేరుతోనే ఉండాలి. పెళ్లి కాగానే పేరు మార్పుకు పాస్‌పోర్టు ఇచ్చేసి కూర్చుంటే ప్రయాణం ఆగిపోతుంది. స్కూటీ అద్దెకు తీసుకోవద్దు. అంతర్జాతీయ పర్మిట్ లేకుండా పడితే చాలా ఇన్సూరెన్సులు పైసా ఇవ్వవు. డ్రైవరుతో కారే మేలు.

శాకాహారానికి ఉబుద్‌లో లోటు లేదు. కాకపోతే సాంబల్ అనే మిరప పచ్చడిలో టెరాసి అనే రొయ్యల ముద్ద కలుపుతారు, పైకి కనబడదు. "తన్పా టెరాసి" అనండి, అది లేకుండా అని అర్థం. వేరుశనగ పచ్చడితో ఇచ్చే గాడోగాడో అనే కూరగాయల వంటకానికి కూడా ఇది అడగాలి. అక్కడి గుళ్లకు సరోంగు (లుంగీలా చుట్టుకునే బట్ట), నడుముకు పట్టీ తప్పనిసరి. నెలసరిలో లోపలికి రావద్దని బోర్డులు కూడా ఉంటాయి.

అత్తగారి మాట కొట్టిపారేయాల్సింది కాదు. అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం మొదలయ్యేదే లంకలోని శాంకరీదేవితో. ఆ అమ్మవారి చోటు ట్రింకోమలి, కోనేశ్వరస్వామి కొండ మీద. సముద్రంలోకి చొచ్చుకుపోయిన బండ అది. అక్కడికి దగ్గర్లోనే ఉప్పువెలి, నీలవెలి బీచ్‌లు. మే నుంచి సెప్టెంబరు దాకా అటు వైపు పొడిగా ఉంటుంది. అదే సమయంలో పడమటి, దక్షిణ తీరాల్లోని బెంటోటా, మిరిస్సా వైపు అలలు ఎగసిపడతాయి. "శ్రీలంక బీచ్ ప్యాకేజీ" అనగానే ఏజెంట్లు చూపించేది ఎక్కువగా ఆ వైపే, జాగ్రత్త. బెంగళూరు నుంచి కొలంబో గంటన్నర ప్రయాణం. అసలు ప్రయాణం ఆ తర్వాత, ట్రింకోమలికి కారులో ఆరు గంటలు. రాత్రి విమానం దిగి నేరుగా బయల్దేరితే ఇద్దరూ చిరాకుపడతారు. దంబుల్లలో ఒక రాత్రి ఆగండి. ఇంకా దక్షిణాన పాసికుడా ఉంది, చాలా దూరం నడిచినా నడుము లోతే. ఈతరాని వాళ్లకు అంతకన్నా మర్యాద తెలిసిన సముద్రం దొరకడం కష్టం. వెళ్లేముందు ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి. అన్నట్టు, అత్తగారు ప్రయాణంలో పెట్టుకోమని పూజావిగ్రహం ఏదైనా ఇస్తే గుర్తుంచుకోండి, మాల్దీవుల్లోకి విగ్రహాలు తీసుకెళ్లడం నిషేధం. ఆవిడతో ఈ మాటలన్నీ మీరు కాదు, ఆయనే మాట్లాడాలి. కొడుకు చెబితే సలహా, కోడలు చెబితే ఎదురుమాట. ఇంకా కొన్నాళ్లు అంతే.

నీళ్ల భయం ఆయనకు ఈ వారంలోనే చెప్పండి. ఫోన్ చేసి చెప్పండి, వాట్సాప్ మెసేజ్‌గా వద్దు. "నాకు మాల్దీవులు ఇష్టం లేదు" అని మొదలుపెట్టొద్దు, ఆయన ఎంపికను కొట్టేసినట్టు ఉంటుంది. "నాకు ఈత రాదు, నీళ్లు చూస్తే కాళ్లు వణుకుతాయి, మీకు చెప్పడానికి మొహమాటపడ్డాను" అనండి. తర్వాత ఇద్దరూ విడివిడిగా ఒక పని చెయ్యండి: అక్కడ ఒక రోజు పొద్దున ఏడింటి నుంచి రాత్రి పదింటి దాకా ఎలా గడవాలనుకుంటున్నారో అర పేజీలో రాసి ఒకరిది ఒకరు చదవండి. ఆయన కాగితంలో బీరు, నిద్ర మాత్రమే ఉండొచ్చు. మీ కాగితంలో అయిదు గుళ్లుండొచ్చు. గొడవ పడాల్సినదేదో అక్కడే తేల్చుకోవచ్చు. ఒకవేళ ఆయన, "ముందే ఎందుకు చెప్పలేదు" అని విసుక్కుంటే ఆ ఒక్క మాటతో మనిషిని అంచనా వేసుకోవద్దు. ఎగతాళి చేసి, భయపడినా సరే పద అంటే మాత్రం అది దీవి సమస్య కాదు. ఇంట్లో పెద్దలతో మాట్లాడాల్సిన విషయం.

నీళ్లలో దిగాలనుకుంటే ఇక్కడే ఏదైనా పూల్‌లో లోతు తక్కువ వైపు పది రోజులు సాధన చెయ్యండి. నీళ్లలో ముఖం పెట్టి చూడ్డానికి వాడే స్నార్కెల్ మాస్కును బెల్టు లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చండి. చెయ్యి వదిలినా అంటుకుని ఉంటే మీ కొలత అదే. నడుము లోతులో నిలబడి ముఖం మాత్రం నీళ్లలో పెట్టి నోటితో పీల్చి, నెమ్మదిగా పొడుగ్గా వదలండి. కంగారు పుట్టేది ఊపిరి బిగబట్టడం వల్ల. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. అక్కడ మాత్రం లైఫ్ జాకెట్ విప్పొద్దు. ఆయనకు గుబురు మీసముంటే మాస్కులోకి నీళ్లు కారతాయి. అప్పుడు నవ్వే వంతు మీది.

నెలసరి తేదీ ఇప్పుడే లెక్కేసుకోండి. వాయిదా మాత్రలు మెడికల్ షాపులో అడిగి కొనొద్దు, గైనకాలజిస్టును కలవండి. వాటిని మామూలుగా తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెడతారు, ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లకు అవి పడవు. గర్భం రాకుండా ఆపే మాత్రలు కూడా కావవి, ఆ సంగతి అదే రోజు డాక్టరుతో విడిగా మాట్లాడండి. కొత్తగా పెళ్లయిన ఆడవాళ్లకు మూత్రంలో మంట రావడం మామూలే. నీళ్లు బాగా తాగడం, కలయిక తర్వాత మూత్రానికి వెళ్లడం మంచి అలవాటు. మంటతో పాటు జ్వరం ఉంటే అక్కడే డాక్టరుకు చూపించుకోండి.

పదహారు రోజుల పండుగ అయ్యాకే బయల్దేరండి. అప్పటిదాకా పసుపుతాడు మెడలోనే ఉంటుంది, సముద్రపు నీళ్లలో నానితే పసుపు దిగి బట్టలన్నీ మరకలవుతాయి. సూత్రాలు గొలుసుకు మార్చాక కూడా నీళ్లలోకి సన్న గొలుసు వద్దు, కొక్కెం ఊడితే ఇసుకలో దొరకదు. మిగతా నగలు లాకర్లో ఉంచి వెళ్లండి.

ఏజెంటుకు శనివారం డబ్బు కట్టొద్దు. సీప్లేన్, భోజనం, పన్నులు, రద్దు చేసుకుంటే తిరిగొచ్చేది ఎంత, ఈ నాలుగూ ఈమెయిల్‌లో రాసి పంపమనండి. సెప్టెంబరు మాల్దీవుల గదులు శనివారంతో అయిపోవు. ఆయనకు ఆ నీళ్ల విల్లా అంత ఇష్టమైతే ఫిబ్రవరిలో పెట్టుకోండి, ఎండ కాస్తుంది, సముద్రం నిలకడగా ఉంటుంది, అప్పటికి మీకు ఆయన కాఫీ సంగతీ తెలిసుంటుంది.