రక్తం లెక్క వేరు, మనిషి మాట వేరు: యువ రచయితకు లేఖ

నాయనా,

దూదేకుల కుటుంబాల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివినాను. ఊళ్లు తిరిగినావు, మనుషులతో కూర్చుని మాట్లాడినావు. కానీ నాలుగో పేజీలో, "డీఎన్‌ఏ పరీక్ష చేస్తే వీళ్లు అసలు ఎవరో తేలిపోతుంది" అని ఒక వాక్యం రాసినావు. దాన్ని కొట్టెయ్. ఎందుకు కొట్టెయ్యాలో వివరంగా చెప్తా.

నీ ముందు రెండు ప్రశ్నలున్నాయి. ఈ మనిషి పూర్వికులు ఎక్కడెక్కడి నుంచి వచ్చినారన్నది మొదటిది. దానికి ప్రయోగశాల కొంతవరకు జవాబు చెప్పగలదు. ఈ మనిషి ఎవరన్నది రెండోది. దానికి ఆ మనిషే జవాబు చెప్పాలి. మిశ్రమ జనం ఉన్నచోట ఈ రెండు జవాబులు కలవవు. కలవనప్పుడు ఒకటి నిజం, ఇంకోటి అబద్ధం అని తీర్పు చెప్పే పని రచయితది కాదు.

ఇంటింటికీ పోయేటప్పుడు నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీసుకో. తమను తాము ఏమనుకుంటారో మొదటి గడిలో, ఊరు వాళ్లను ఏమంటుందో రెండో గడిలో రాయి. సర్టిఫికెట్లో ఏముందో మూడోది. పెళ్లిసంబంధాలు ఎవరితో కలుపుకుంటారో నాలుగోది. "మీరేమిటోళ్లు?" అని అడిగితే ఒకాయన "దూదేకులోళ్లం" అంటాడు, వాళ్లమ్మ "తురకలం" అంటుంది, కాలేజీకి పోయే కొడుకు "నూర్‌బాషాలం" అంటాడు. మూడింటినీ చెప్పినవి చెప్పినట్టే రాసుకో. ఎవరి ముందు చెప్పినారో కూడా రాసుకో. ఊరి పెద్ద పక్కన కూర్చుంటే మాట మారిపోతుంది. నీ వ్యాసంలో మూడు పేర్లనూ కలిపి ఒకటే చేసినావు. అసలు సరుకు అక్కడే పోయింది.

పేరును బట్టి పుట్టుక చెప్పకు. మన సీమలో ఆ లెక్క అసలు కుదరదు. గూగూడు కుళ్లాయిస్వామికి మొక్కుకున్న ఇంట్లో బిడ్డ పుడితే కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ అని పెట్టుకుంటారు. వాళ్లలో ఎక్కువమంది హిందువులే. హుస్సేనప్ప, ఫక్కీరప్ప, మస్తానమ్మ, దస్తగిరి కూడా ఇట్లాంటి పేర్లే. దేవుని కడపలో ఉగాదినాడు ముస్లింలు వచ్చి వెంకటేశ్వరునికి మొక్కుతారు, ఆయన భార్యగా చెప్పుకునే బీబీ నాంచారి తమ ఆడబిడ్డ అంటారు. దాన్ని రక్తసంబంధానికి సాక్ష్యంగా పెట్టకు. అది చుట్టరికం. మనుషులు తామే కలుపుకున్న చుట్టరికం.

సర్టిఫికెట్ గడి నింపేటప్పుడు ఇంకా జాగ్రత్త. అనంతపురం వైపు తండాలో సుగాలీ ఎస్టీ. సరిహద్దు దాటి బళ్లారి వైపు పోతే వాళ్ల మేనమామ కొడుకు ఎస్సీ. మన మైదాన జిల్లాల్లో బోయలు బీసీ-ఏ, కర్ణాటకలో నాయకులు, బేడలు, వాల్మీకులు ఎస్టీ. రక్తంలో ఏ తేడా లేదు, మారింది రాష్ట్రం జాబితా. ఇది రాసేటప్పుడు నీ వాక్యంలో 'జాతి' అన్న మాట రానియ్యకు. మన భాషలో ఆ ఒక్క మాట కులానికీ, తెగకూ, దేశానికీ, జీవశాస్త్రంలో స్పీసీస్‌కూ సరిపోతుంది. పాఠకుడు తనకు తోచిన అర్థం తీసుకుంటాడు.

ఇప్పుడు డీఎన్‌ఏ సంగతి. మనుషుల్ని కొలిచి కులాలను వరసలో పెట్టే పని ఇక్కడ కొత్త కాదు. 1901 జనగణనకు కమిషనర్‌గా ఉన్న రిస్లీ ముక్కు వెడల్పును పొడవుతో భాగించి కులాలకు ఎక్కువతక్కువలు కట్టినాడు. మద్రాసు మ్యూజియంలో థర్‌స్టన్ కూడా అట్లాగే తలలు, ముక్కులు కొలిచినాడు. 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేసినాడు. అందులో ఆచారాల వివరాలు నీకు పనికొస్తాయి, ముక్కుల కొలతలు పనికిరావు. ఉమ్మి సీసాలో పోసి తెప్పించుకున్న శాతాన్ని ఆ ముక్కు కొలతలాగా వాడినామంటే నూరేళ్లు వెనక్కి పోయినట్టే.

నువ్వు ఉదాహరించిన డీఎన్‌ఏ పరీక్ష నివేదికలో "62 శాతం" అని ఉంది. దేంతో పోలిస్తే 62? శాతం అనేది రక్తంలో రాసిపెట్టి ఉండదు. పరీక్ష చేసే కంపెనీ దగ్గర పోలికకు కొన్ని సమూహాల నమూనాలు గంపలు గంపలుగా ఉంటాయి. నీ డీఎన్‌ఏను ముక్కలు చేసి ఏ ముక్క ఏ నమూనాకు దగ్గరో చూస్తారు. నీ ఊరివాళ్లకు సరిపోయే నమూనా లేకపోతే ఆ ముక్క ఊరికే ఉండదు, దగ్గరున్న ఇంకో గంపలో పడుతుంది. మొత్తం నూరు కావాలి కదా! గంపలు రెండా, అయిదా అన్నది కూడా మొదట మనిషే నిర్ణయిస్తాడు. అదే మనిషి రెండు గంపల్లో ఒక తీరుగా, అయిదు గంపల్లో ఇంకో తీరుగా కనిపిస్తాడు. అందుకే శాతం రాసిన ప్రతిచోటా పక్కనే రెండు సంగతులు రాయి: పోలికకు ఎవరి నమూనాలు వాడినారు, ఎన్ని గంపలు పెట్టినారు. అవి దొరకకపోతే ఆ శాతం వ్యాసంలోకి రాకూడదు.

2009లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందంతో కలిసి 25 సమూహాల నుంచి 132 మందిని పరిశీలించినారు. మనలో చాలా సమూహాలు రెండు పాత జనాల కలయిక అని తేల్చినారు. ఆ రెండింటికీ ఏఎన్ఐ (ఉత్తర భారత పూర్వికులు), ఏఎస్ఐ (దక్షిణ భారత పూర్వికులు) అని పేర్లు పెట్టినారు. ఏఎన్ఐ వాటా చాలా సమూహాల్లో 39 నుంచి 71 శాతం. నువ్వు వీటిని ఆర్యులు, ద్రావిడులు అని తెలుగు చేసినావు. తప్పు. అవి భాషల పేర్లు, ఇవి లెక్క కోసం పెట్టుకున్న పేర్లు. పైగా ఆ రెండు కూడా కల్తీలేనివి కావు. 2019లో 523 మంది పురాతన మానవుల డీఎన్‌ఏతో వచ్చిన పరిశోధన ఆ రెండూ అంతకుముందే కలిసిన జనాలని చూపింది. కలయిక ఎక్కువగా జరిగిన కాలం ఇప్పటికి సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటిదని 2013 నాటి అంచనా. ఆ తర్వాత కులం లోపలే పెళ్లిళ్లు గట్టిపడినాయి. ఈ వరస తప్పకుండా చెప్పు: ముందు కలిసినారు, తర్వాత గీతలు గీసుకున్నారు.

హాప్లోగ్రూప్ (ఒక్క తండ్రి దారిలోనో, ఒక్క తల్లి దారిలోనో వచ్చే డీఎన్‌ఏ గుర్తు) దగ్గర ఎక్కువమంది జారిపడతారు. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి పోతుంది, మన ఇంటిపేరు లాగానే. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి బిడ్డలకు వస్తుంది. పది తరాల వెనక్కి పోతే వంశవృక్షంలో 1,024 స్థానాలు ఉంటాయి. ఈ రెండు దారులూ చెప్పేది అందులో ఇద్దరి గురించి. మిగతా 1,022 మందిలో సగానికి సగం మంది నుంచి నీకు చిన్న డీఎన్‌ఏ ముక్క కూడా వచ్చి ఉండదు, అయినా వాళ్లు నీ పూర్వికులే. ఉత్తరాది పైకులాలకు ముడిపెట్టే ఆర్1ఏ అనే వై గుర్తు చెంచుల్లో దాదాపు నాలుగో వంతు మగవాళ్లలో ఉందని 2003లోనే ప్రచురించినారు. "ఆర్య జన్యువు" అని శీర్షిక పెట్టబోయేవాళ్లకు ఆ ఒక్క అంకె చూపించు.

ఇంటిపేరుతో, ఆస్తితో పోలిక కూడా అన్నిచోట్లా నిలవదు. ఇల్లటం అల్లుడు ఉన్న ఇంట్లో ఆస్తి మామ దారిన వస్తుంది, వై క్రోమోజోమ్ అల్లుడి తండ్రి దారిన వస్తుంది. దత్తత వచ్చిన ఇంట్లోనూ ఇంతే. బసివి ఆచారం (కూతుర్ని దేవునికి అంకితమిచ్చి, పెళ్లి చేయకుండా పుట్టింట్లోనే ఉంచడం) ఉండిన ఇళ్లలో బిడ్డలు తల్లి తండ్రి వంశంలో కలిసేవాళ్లు. 1988లో చట్టం ఆ ఆచారాన్ని నిషేధించింది. ఆ కుటుంబాల గురించి పేరు, ఊరు తెలిసేట్టు ఒక్క అక్షరం రాయకు.

మేనరికాలు అడగకుండా వంశవృక్షం గీయకు. మేనత్త, మేనమామ బిడ్డలు పెళ్లాడితే వాళ్ల బిడ్డకు ముత్తాతలు, ముత్తవ్వలు కలిపి ఎనిమిది మంది ఉండరు, ఆరుగురే ఉంటారు. అక్క కూతుర్ని చేసుకుంటే తండ్రి కన్నవాళ్లే తల్లి వైపు ముత్తాత, ముత్తవ్వ కూడా అవుతారు. ఇట్లాంటి ఇళ్లలో కంపెనీలు "నాలుగో తరం కజిన్" అని వందలమందిని చూపిస్తాయి. నిజానికి వాళ్లు అంత దగ్గరివాళ్లు కాకపోవచ్చు. పాత చుట్టరికాలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి పేరుకుని దగ్గరగా కనిపిస్తాయి. మేనరికం ఉన్న జంట మధ్య రెండు గీతలు గీయి. మూడు తరాలు, తల్లిదండ్రులు ఇద్దరు, నలుగురు, ఎనిమిది మంది, మొత్తం పద్నాలుగు స్థానాలు నింపు. ఆడవాళ్ల పుట్టిళ్లు ఎక్కడో ముసలవ్వలను అడిగితేనే తెలుస్తుంది. మగవాళ్లు ఇంటిపేరు దగ్గర ఆగిపోతారు.

డీఎన్‌ఏ, సొంత మాట ఒకేచోట నిలిచే సందర్భమూ ఒకటుంది. దాన్ని వదలకు. ఆర్యవైశ్యుల్లో బ్యూటిరిల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైమ్ లోపం మిగతావాళ్లకంటే చాలా ఎక్కువ. ఆ లోపం ఉన్నవాళ్లకు ఆపరేషన్‌కు ముందు కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ మందు ఇస్తే నిమిషాల్లో తేరుకోవాల్సిన కండరాలు గంటల తరబడి చచ్చుబడి ఉంటాయి. ఊపిరి యంత్రంతో ఆడించాలి. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో మత్తు డాక్టరు "మీరు వైశ్యులా?" అని అడిగితే అది కులం ఆరా కాదు, ప్రాణం కోసం అడిగిన ప్రశ్న. తరతరాలు లోపలే పెళ్లిళ్లు చేసుకున్నందువల్ల ఆ పేరు డాక్టరుకు పనికొచ్చింది. 2017లో 263 దక్షిణాసియా సమూహాలను చూస్తే 81 సమూహాలు, ఈ విషయంలో పేరుపడిన ఫిన్‌లాండ్‌వాళ్లకంటే ఎక్కువగా, కొద్దిమంది పూర్వికుల నుంచే దిగినట్టు తేలింది.

పోలికకు బయటి దేశం కావాలంటే బ్రెజిల్ తీసుకో. అక్కడ జనగణనలో రంగు ఎవరికి వాళ్లే చెప్తారు. 2022లో 45.3 శాతం 'పార్దా', అంటే మిశ్రమం, అని చెప్పుకున్నారు. 43.5 శాతం తెల్లవాళ్లమని, 10.2 శాతం నల్లవాళ్లమని చెప్పినారు. చర్మం, జుట్టు, ముక్కు, పెదవులు చూసి మనుషుల్ని విడదీసి, వాళ్ల డీఎన్‌ఏతో పోల్చిన పరిశోధన 2003లో వచ్చింది. ఒక మనిషి రంగును బట్టి ఆఫ్రికా పూర్వికుల వాటా ఎంతో చెప్పలేమని తేలింది. అయినా రంగును బట్టి దక్కే మర్యాద, తగిలే అవమానం అక్కడ నిజంగా ఉన్నాయి. ఈ రెండో వాక్యం లేకుండా మొదటిది రాయకు. "జన్యువుల్లో తేడా లేదు కాబట్టి వివక్షా లేదు" అని వాదించేవాళ్లకు నీ వ్యాసం ఆయుధం కాకూడదు.

ఎవరినైనా పరీక్షకు ఒప్పించే ముందు ఒక మాట విడమర్చి చెప్పు: ఒకరి నమూనా ఇంటిల్లిపాది సంగతి చెప్తుంది, తండ్రి వేరని కూడా బయటపడొచ్చు. అట్లాంటిది వస్తే వినాలనుందో లేదో ముందే అడిగి, వాళ్ల జవాబు రాసుకో. చిన్న ఊర్లో ఇంటిపేరు, వృత్తి, ఊరి పేరు మూడూ కలిస్తే మనిషి దొరికిపోతాడు, అందుకే మూడింట్లో రెండు తీసెయ్.

కేంద్రం 2025లో తీసుకున్న నిర్ణయం ప్రకారం 2027 జనగణనలో కులం కూడా అడుగుతారు. 1931 తర్వాత జనగణనలో అందరి కులాలూ లెక్కకు రావడం ఇదే మొదలు. ఆ ఫారం పట్టుకుని మనిషి వచ్చినప్పుడు ఆ ఇంట్లో తల్లి ఒకటి, కొడుకు ఇంకొకటి చెప్తారు. అందులో ఏది రాయించినారు, ఎవరు రాయించినారు అన్నది నీ రెండో వ్యాసానికి సరిపడా విషయం. అంతలోపల ఇప్పుడున్న వ్యాసంలో నాలుగో పేజీ తిరగరాసి, ఆ మూడు పేర్లూ విడివిడిగా పెట్టి పంపు.