గోడ దగ్గర స్విచ్ కట్టేస్తే పరికరాలు పాడవుతాయా?

రాత్రి పడుకునే ముందు మీ నాన్నగారు టీవీ, సెట్‌టాప్ బాక్సు, కంప్యూటర్, ప్రింటర్ అన్నింటినీ గోడ దగ్గరే కట్టేస్తున్నారనీ, అలా చేస్తే అవి త్వరగా పాడవుతాయని మీ తమ్ముడు వాదిస్తున్నాడనీ రాశారు. తెనాలిలో పదకొండేళ్లు డీటీపీ, జిరాక్స్ షాపు నడిపిన అనుభవంతో చెబుతున్నాను. పరికరం తన పని పూర్తిగా ముగించుకున్న తరువాత గోడ స్విచ్ కట్టేస్తే దానికి ఏ హానీ జరగదు. ముగించుకోకముందే కరెంటు తీసేస్తేనే చిక్కు.

ఈ తేడా నాకు ప్రింటర్ వల్ల తెలిసింది. షాపులోని యంత్రాలన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఉండేవి కనుక రాత్రి షాపు మూసేటప్పుడు గోడ మీది ఒక్క స్విచ్ కట్టేసి వెళ్లిపోయేవాడిని. కొన్ని నెలలకు ఇంకుజెట్ ప్రింటర్‌లో నల్ల అక్షరాల మధ్య తెల్లని గీతలు పడసాగాయి. ఇంకు చిమ్మే భాగమైన హెడ్‌కు క్లీనింగ్ పదే పదే చేశాను. ప్రతిసారీ ఇంకు ఖర్చయింది కానీ గీతలు పోలేదు. చివరికి హెడ్ మార్చవలసి వచ్చింది. అప్పుడు మెకానిక్ గారు మూత తెరిచి చూపించారు: ప్రింటర్‌కున్న బటన్ నొక్కి ఆపితే హెడ్ ఒక చివరకు వెళ్లి రబ్బరు మూత మీద కూర్చుంటుంది, అప్పుడు ఇంకు రంధ్రాలకు గాలి తగలదు. చివరి కాగితం బయటికి రాగానే నేను కరెంటు తీసేయడంతో హెడ్ మూత మీదికి చేరకుండానే ఆగిపోయేది, వెంట్రుక కన్నా సన్నని ఆ రంధ్రాల్లో ఇంకు ఎండిపోయేది. మా ఊరి మే నెల ఎండల్లో అది ఎండడానికి ఎంతోసేపు పట్టదు. ఆ రోజు నుంచి ముందు బటన్ నొక్కి, లైటు ఆరిన తరువాతే గోడ స్విచ్ కట్టేశాను. ఆ రెండో హెడ్ షాపు మూసేసే వరకూ పనిచేసింది. అయితే చాలా ప్రింటర్లు కరెంటు కొత్తగా అందినప్పుడు తమంతట తామే క్లీనింగ్ చేసుకుని కొంత ఇంకు వాడతాయి కనుక, రోజూ వాడేదైతే బటన్‌తో ఆపి గోడ స్విచ్ వేసి ఉంచడమే మంచిదని నా అభిప్రాయం.

కంప్యూటర్ విషయంలో షట్‌డౌన్ పూర్తయి ఫ్యాను ఆగేదాకా ఉండాలి, ఎందుకంటే డిస్కు మీద రాత జరుగుతుండగా కరెంటు పోతే ఫైళ్లు చెడిపోవచ్చు. ఆ తరువాత కట్టేస్తే భయం లేదు. ఒక్క మార్పు మాత్రం కనిపిస్తుంది: గోడ దగ్గర కరెంటు ఉన్నంతసేపు మదర్‌బోర్డులోని గడియారం దానితోనే నడుస్తుంది, లేనప్పుడు 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ మీద నడుస్తుంది కనుక ఆ బ్యాటరీ కొంత ముందే అయిపోతుంది. నా షాపులో ఒకసారి అదే జరిగి తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్లింది. ఆన్‌లైన్ దరఖాస్తుల పేజీలు భద్రతా హెచ్చరిక చూపి తెరుచుకోక, పిల్లలు వరుసలో నిలబడిపోయారు. బ్యాటరీ మార్చి తేదీ సరిచేయగానే అన్నీ తెరుచుకున్నాయి.

మామూలు ఎల్‌ఈడీ టీవీకి ఏ ఇబ్బందీ లేదు. ఓఎల్‌ఈడీ (తెరలోని ప్రతి చుక్కా తానే వెలిగే రకం) అయితే రిమోట్‌తో ఆపిన తరువాత తెరను సరిచేసుకునే పని లోపల కొంతసేపు సాగుతుంది కనుక దాన్ని స్టాండ్‌బైలోనే, అంటే రిమోట్‌తో ఆపి గోడ స్విచ్ వేసే ఉంచమనండి. పొదుపు సంగతికి వస్తే, స్టాండ్‌బైలో అర వాటు తీసుకునే టీవీకి నెలకు అర యూనిట్ కూడా కాలదు. రిమోట్‌తో ఆపినా లోపల పనిచేస్తూ 10 వాట్లు తీసుకునే సెట్‌టాప్ బాక్సు మాత్రం రోజంతా ఉంచితే నెలకు 7.2 యూనిట్లు తింటుంది. దాన్ని కట్టేయడంలో మీ నాన్నగారిది సరైన లెక్కే. ఫ్రిజ్‌ను మాత్రం కట్టేసిన వెంటనే మళ్లీ వేయకుండా ఐదు నిమిషాలు ఆగాలి.

ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు స్విచ్ కట్టేస్తే సరిపోదు, ప్లగ్గు పీకి డిష్ కేబుల్ కూడా విడదీయాలి. ఎందుకంటే గోడ స్విచ్ సాధారణంగా కరెంటు తెచ్చే ఒక్క ఫేజు తీగనే తెంపుతుంది, తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ కలిసే ఉంటుంది. పాత ఇళ్లలో ఈ రెండూ తారుమారై ఉండటం నేను చూశాను. స్విచ్ కట్టేసిన తరువాత కూడా సాకెట్‌లో టెస్టర్ వెలుగుతుంటే, అక్కడ పరికరం ఆగినా తీగలో కరెంటు ఉన్నట్టే. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఫేజును స్విచ్ గుండా వచ్చేలా మార్పించండి.