పేపర్ వెనక్కొచ్చిందంటే అమ్మాయి ఫెయిలైనట్టా?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఫార్మసీ రెండో ఏడు. ప్రాజెక్టు మీద రాసిన పేపర్‌ను ఒక జర్నల్‌కు పంపాం. రిఫరెన్సులు (ఆధారంగా తీసుకున్న పాత పేపర్ల జాబితా) తమ స్టైల్‌లో లేవంటూ నాలుగు రోజులకే తిప్పి పంపారు. అప్పట్నుంచి సరిగా తినడం లేదు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు 18 వేలిస్తే అన్నీ సరిచేసి, స్కోపస్ (పేరున్న జర్నళ్ల డేటాబేస్) జాబితాలో ఉన్న జర్నల్‌లో వేయించే పూచీ తమదంటున్నారు. విదేశాల్లో పీహెచ్‌డీ సీటుకు కనీసం రెండు పేపర్లు ఉండాలట. డబ్బు కట్టమంటారా? తనే చేసుకోవాలంటే రిఫరెన్సులు సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్లు జొటెరో, మెండలే, ఎండ్‌నోట్‌లలో ఏది మంచిది?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఆ పేపర్‌ను ఇంకా ఎవరూ చదవలేదండీ. ముందు ఈ మాట అమ్మాయికి చెప్పండి. జర్నల్ ఆఫీసులో ఒకరు ఫైల్ తెరిచి బొమ్మలు ఉన్నాయా, ఎథిక్స్ అనుమతి సంగతి రాశారా, రిఫరెన్సులు తమ పద్ధతిలో ఉన్నాయా అని చూస్తారు. తేడా ఉంటే తిప్పి పంపుతారు. దరఖాస్తు మీద ఫొటో అతికించలేదని కౌంటర్ దగ్గర గుమస్తా వెనక్కివ్వడం లాంటిదే ఇది. పనిలో సత్తా ఉందో లేదో తేల్చే రివ్యూయర్ల దాకా పేపర్ వెళ్లనే లేదు. మెయిల్ మళ్లీ చదవమనండి. సరిచేసి పంపమనే ఉంటుంది. ఎప్పటిలోగా పంపాలో కూడా ఉండొచ్చు.

ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. అడిగేది సాఫ్ట్‌వేర్ గురించే, లోపల ఉన్న భయం మాత్రం వేరు. ‘మా పిల్ల రిసెర్చ్‌కు పనికొస్తుందా, ఈ రెండేళ్లూ వృథా అయ్యాయా’ అన్నదే కదా మీ దిగులు? కామాలు, చుక్కలు సరిగ్గా పెట్టకపోవడాన్ని బట్టి ఆ సంగతి తేలదు. పేరున్న ప్రొఫెసర్లకూ రిఫరెన్సులు సరిచేయమని మెయిళ్లు వస్తూనే ఉంటాయి. వాళ్లు విసుక్కుని, సరిచేసి పంపుతారు. మీ అమ్మాయికి ఇది మొదటిసారి కాబట్టి ఏడుపొచ్చింది.

ఇక మిమ్మల్ని ఒక మాట అనాలి, ఏమీ అనుకోకండి. ‘పేపర్ పంపాం’ అని రాశారు. ఎవరు పంపారు? పాస్‌వర్డ్ మీ దగ్గర ఉందా? మెయిల్ ముందు మీరు చూశారా? ఆ పిల్లకు ఇరవై రెండేళ్లు దాటి ఉంటాయి. తన గైడ్‌తో తను మాట్లాడుకోవాల్సిన విషయానికి మీరు కన్సల్టెన్సీలతో బేరాలాడుతున్నారు. తిండి మానేసింది జర్నల్ వల్లో, ఇంట్లో ఈ హడావుడి వల్లో ఒకసారి ఆలోచించండి.

సాఫ్ట్‌వేర్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. జొటెరో ఉచితం, ఓపెన్ సోర్స్. పీడీఎఫ్‌లు ఆన్‌లైన్‌లో దాచుకోవడానికి 300 ఎంబీ వరకు డబ్బు కట్టక్కర్లేదు, రిఫరెన్సుల వివరాలు ఆ లెక్కలోకి రావు. మెండలే ఎల్సెవియర్ అనే జర్నళ్ల ప్రచురణ సంస్థ వాళ్లది, అదీ ఉచితమే. ఎండ్‌నోట్‌కు డబ్బు కట్టాలి, కాలేజీ కొనిచ్చి ఉంటే తప్ప దాని జోలికి వెళ్లక్కర్లేదు. నేనైతే జొటెరో అంటాను. గైడ్ దగ్గర అందరూ మెండలే వాడుతుంటే మెండలే. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవాల్సింది ఏమీ లేదు.

అసలు చిక్కు సాఫ్ట్‌వేర్‌కు తెలియని చోట ఉంటుంది. ఒక్క రిఫరెన్సు తీసుకుని చూపిస్తాను. రక్తంలో, కణజాలంలో భాస్వరం కొలిచే పద్ధతిపై మన భీమవరం మనిషి, జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్కే అనే మరో శాస్త్రవేత్తతో కలిసి రాసిన పేపర్ ఇది. రిఫరెన్సులు రాసే పద్ధతుల్లో ఒకటైన వాంకూవర్‌లో ఇలా వస్తుంది: ఫిస్కే సీహెచ్, సుబ్బారావ్ వై. ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జె బయోల్ కెమ్. 1925;66:375-400. అదే ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో అయితే పేర్ల వెంటనే బ్రాకెట్లలో సంవత్సరం, ఇనీషియల్స్ తర్వాత చుక్కలు, జర్నల్ పేరు పూర్తిగా, వాల్యూమ్‌తో సహా ఇటాలిక్‌లో. వాంకూవర్‌లో సాధారణంగా ఆరుగురు రచయితల పేర్లు రాసి ‘ఎట్ ఆల్’ (తదితరులు) అంటారు, ఏపీఏ ఏడో ఎడిషన్‌లో ఇరవై మంది దాకా రాయాలి. ఫార్మసీ, వైద్యం వైపు ఎక్కువగా కనబడేది వాంకూవరే. 1978లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు కెనడాలోని ఆ ఊళ్లో కూర్చుని మొదలుపెట్టారు, ఊరి పేరే పద్ధతికి నిలిచింది. అయినా ఒక్కో జర్నల్ అందులోనూ తన సొంత మెలిక ఒకటి పెడుతుంది. అందుకే రచయితలకిచ్చిన సూచనలతో పాటు అదే జర్నల్‌లో ఈ మధ్య వచ్చిన పేపర్ ఒకటి పక్కన పెట్టుకుని సరిచూసుకోమనండి.

సాఫ్ట్‌వేర్ తెచ్చిపెట్టే వివరాల్లో మొక్కల పేర్లు ఇటాలిక్‌లో ఉండకపోవచ్చు, టైటిల్ మొత్తం పెద్దక్షరాల్లో రావచ్చు, పేజీ నంబర్లు ఎగిరిపోవచ్చు. అవన్నీ చేత్తో దిద్దాల్సిందే. నలభై రిఫరెన్సులు ఉన్నాయనుకున్నా రెండు సాయంత్రాల పని. దానికి 18 వేలా?

చాట్‌బాట్‌ను అడిగితే క్షణంలో చేసిపెడుతుందని పక్కింటి కుర్రాడు చెబుతాడు. ఈ మధ్య ఒక అబ్బాయి అలాగే చేయించిన జాబితా తెచ్చాడు. చూడముచ్చటగా ఉంది, ఒక్క కామా తప్పు లేదు. ఇద్దరం కూర్చుని డీఓఐలు (ఒక్కో పేపర్‌కు ఇచ్చే ఆన్‌లైన్ గుర్తింపు నంబర్లు) ఒక్కొక్కటే బ్రౌజర్‌లో వేసి చూశాం. ఐదు పేపర్లు ఈ భూమ్మీద ఎక్కడా లేవు. పాపం, ముఖం పాలిపోయింది.

ఇక ఆ ‘పూచీ’ గురించి. నాకు అనుమానమంతా అక్కడే. రివ్యూ ఉన్న జర్నల్‌లో అచ్చవుతుందని ముందే హామీ ఇవ్వగలిగినవాడు రివ్యూ లేని చోటికి పంపుతాడు, లేదా ఇంకేదో దారి చూసుకుంటాడు. కొందరు ఇప్పటికీ ‘యూజీసీ కేర్ జర్నల్ సార్’ అని, అంటే యూజీసీ ఆమోదించిన జర్నళ్ల జాబితాలో ఉందని చెప్పి అమ్ముతున్నారు. ఆ జాబితానే యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. మన దేశంలో పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వడానికి కూడా పేపర్ ఉండి తీరాలన్న నియమాన్ని 2022లోనే యూజీసీ తీసేసింది. యూనివర్సిటీలు సొంతంగా అడగొచ్చు, అది వేరే సంగతి.

విదేశాల్లో సీటుకు రెండు పేపర్లన్నది ఎవరు పుట్టించారో గానీ, ప్రతి ఇంట్లోనూ వింటున్నాను. మంచి పేపర్ ఉంటే మేలే, కాదనను. కానీ సూపర్‌వైజర్ వీడియో కాల్‌లో ‘ఈ పన్నెండో రిఫరెన్సు ఎందుకు వాడావు’ అని అడిగితే మీ అమ్మాయి చెప్పగలగాలి. కన్సల్టెన్సీ వాళ్లు చేర్చిందయితే ఏం చెబుతుంది? పేపర్ తర్వాత రిట్రాక్ట్ అయితే (తప్పుందని జర్నల్ వెనక్కి తీసుకుంటే) ఆ ముద్ర తన పేరు మీద ఉంటుంది, వాళ్ల పేరు మీద కాదు.

మళ్లీ పంపే ముందు ఇంకో చిన్న పని ఉంది. పైన యల్లాప్రగడ అన్న ఇంటిపేరు ‘వై’గా మిగిలింది, చూశారు కదా. జర్నల్ ఫారంలో ‘లాస్ట్ నేమ్’ గడిలో ఏది రాస్తే రేపు అందరూ ఆ పేరుతోనే ప్రస్తావిస్తారు. ఇంటిపేరు రాయాలా, అసలు పేరు రాయాలా అన్నది ఇప్పుడే తేల్చుకుని, పరిశోధకులకు ఉచితంగా ఇచ్చే గుర్తింపు నంబర్ ఆర్కిడ్‌ను కూడా అదే పేరుతో తీసుకోవాలి. అది మీరు నిర్ణయించకండి. అమ్మాయినే అడగండి.