అష్టమి నాడు సముద్రానికి

ప్రశ్న: మాది గుంటూరు. పాపకి మూడున్నరేళ్ళు. మావారు నలుగురు పట్టే టెంట్ కొన్నారు. ఈ కార్తీక పౌర్ణమికి సూర్యలంక బీచ్‌లో టెంట్ వేసుకుని, రాత్రంతా వెన్నెల్లో అక్కడే ఉందామంటున్నారు. మా ఆడపడుచు వాళ్ళూ వస్తారట, మొత్తం పెద్దవాళ్ళమే ఆరుగురం. అత్తగారిది అవనిగడ్డ వైపు. "కార్తీకంలో సముద్రపొడ్డున పసిదానితో పడుకుంటారా, మతి ఉండే మాట్లాడుతున్నారా?" అని రెండు రోజులుగా సరిగా అన్నం కూడా తినడం లేదు. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను. పాపని తీసుకెళ్ళొచ్చా? ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: తీసుకెళ్ళొచ్చమ్మా. కానీ కార్తీక పౌర్ణమికి మాత్రం వద్దు.

ముందు అత్తగారి సంగతి. అవనిగడ్డ వైపు పుట్టిన ఆ వయసు మనిషికి నవంబరు నెల, సముద్రం, పసిపిల్ల అన్న మూడు మాటలు ఒకేసారి చెవిన పడితే ముద్ద ఎలా దిగుతుంది? 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలమంది పోయారు. ఆవిడది చాదస్తం కాదు, జ్ఞాపకం. పైగా లెక్క ప్రకారం చూసినా ఆవిడ మాటే సరైనది. మన తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. ఈ మాట మీవారికి ఆవిడ ముందే చెప్పండి. సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

ఇక పౌర్ణమి. వెన్నెల బాగుంటుంది, నిజమే. కానీ పౌర్ణమికీ అమావాస్యకీ, వాటి తర్వాతి ఒకటి రెండు రోజుల్లోనూ పోటు మామూలు కన్నా ఎక్కువగా ఉంటుంది. వాలు తక్కువగా ఉన్న ఒడ్డు మీద నీళ్ళు ఒక్క అడుగు ఎత్తు పెరిగినా, అడ్డంగా చాలా గజాలు పాకి వస్తాయి. సాయంత్రం పొడిగా ఉన్న ఇసుక అర్ధరాత్రికి పొడిగా ఉంటుందని నమ్మకం లేదు. అదీగాక కార్తీక పౌర్ణమికి సముద్రస్నానాలకి వచ్చే జనంతో సూర్యలంకలో ఇసుక వేస్తే రాలదు. అంత జనంలో మూడున్నరేళ్ళ పిల్ల చెయ్యి జారితే?

మరి ఎప్పుడు? మాఘమాసంలో, రథసప్తమి దాటిన రెండు మూడు రోజుల్లో పెట్టుకోండి. జనవరి చివరో ఫిబ్రవరిలోనో వస్తుంది. తుపాన్ల భయం బాగా తగ్గి ఉంటుంది, ఎండ మంచిది. అష్టమి, నవమి, ఆ చుట్టుపక్కల రోజుల్లో పోటుకీ పాటుకీ తేడా తక్కువ, అంటే సముద్రం తన హద్దులో తనుంటుంది. అష్టమి నాడు మనం ప్రయాణం పెట్టుకోం గానీ, టెంట్ వేసుకునే వాళ్ళకి అంతకన్నా మంచి ముహూర్తం లేదు. ఇంకో లాభం కూడా చెప్తాను. శుద్ధ అష్టమి నాటి సగం చంద్రుడు చీకటి పడేసరికి నడినెత్తిన ఉంటాడు, అర్ధరాత్రి ప్రాంతంలో అస్తమిస్తాడు. పాప నిద్రపోయేదాకా వెన్నెల ఉంటుంది. మీవారికి అది చాలదూ? బయల్దేరే ముందు వాతావరణశాఖ జాలర్లకి ఇచ్చే హెచ్చరికలు ఒకసారి చూసుకోండి. వాళ్ళని వేటకి వెళ్ళొద్దన్న రోజున మీరూ వెళ్ళొద్దు.

ఇప్పుడు నా కథ ఒకటి వినండి. మా అబ్బాయికి నాలుగేళ్ళప్పుడు నాలుగు కుటుంబాలం కలిసి చీరాల దగ్గర వాడరేవుకి వెళ్ళాం. పెద్దవాళ్ళం ఎనిమిదిమంది, పిల్లలు అయిదుగురు. సాయంత్రం అయిదున్నర. నేను మరమరాల్లోకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. మావారు టెంట్ తాడు బిగిస్తున్నారు. తల ఎత్తి చూస్తే నలుగురే పిల్లలు! "వీడేడీ?" అంటే, "నీ దగ్గర లేడా?" అన్నారాయన. "ఇందాక మీతోనే ఉన్నాడుగా" అన్నారు పక్కావిడ. ఎనిమిదిమందిలో ప్రతి ఒక్కరం ఇంకొకరు చూస్తున్నారనుకున్నాం. ఆ కత్తి, ఆ ఉల్లిపాయలు ఇసుకలో ఎక్కడ పడ్డాయో ఇప్పటికీ తెలీదు. అందరం నీళ్ళవైపే పరిగెత్తాం.

వాడు నీళ్ళలోకి వెళ్ళలేదు. ఎర్రపీతల వెంటపడి ఒడ్డు వెంబడే చాలా దూరం వెళ్ళిపోయాడు. వల బాగుచేసుకుంటున్న ఒక ముసలామె వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అప్పజెప్పింది. నేను ఏడుస్తూ, వాడు ఇటే వస్తాడని ఎలా తెలిసిందని అడిగాను. "తెలిసేదేముందమ్మా, పిల్లకాయలు గాలికి ఎదురుబోరు, గాలెంట బోతారు. ఈ గాలికి ఎవురి బిడ్డ తప్పిపోయినా నా కాడికే" అంది, మళ్ళీ వల చేతిలోకి తీసుకుంటూ.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎర్రతుండు పద్ధతి వచ్చింది. ఎవరి భుజం మీద ఎర్రతుండు ఉంటే పిల్లాడు వాళ్ళ బాధ్యత. ఆ అరగంటా వాళ్ళకి ఫోన్ లేదు, కబుర్లు లేవు, బజ్జీ వేయించడం లేదు. తుండు ఇచ్చేటప్పుడు "ఇదిగో, పిల్లాడు నీ దగ్గర" అని పైకి అనాలి, తీసుకునేవాళ్ళు "ఆఁ, నా దగ్గర" అనాలి. తల ఊపితే చెల్లదు. మీరు ఆరుగురున్నారు కాబట్టి ఒక్కొక్కరికీ అరగంట చొప్పున వంతులు వస్తాయి, ఎవరికీ భారం కాదు. ఆరుగురున్నారు కాబట్టే ఈ పద్ధతి ఇంకా అవసరం. ఇద్దరే వెళ్తే ఇద్దరూ చూస్తారు. ఆరుగురు వెళ్తే ఎవరూ చూడరు.

పాపకి నారింజరంగో ఎరుపో వెయ్యండి. నీలం గౌను ఫొటోలో ముద్దొస్తుంది గానీ నీళ్ళలో కనపడదు. ముంజేతి మీద బాల్‌పెన్‌తో మీ ఫోన్ నంబరు రాయండి. నీళ్ళలో ఆడేటప్పుడు వేళ్ళు కాదు, మణికట్టు పట్టుకోవాలి. అల వెనక్కి పోయేటప్పుడు పిల్ల కాళ్ళకింద ఇసుక కూడా పోతుంది, తడి వేళ్ళు ఇట్టే జారతాయి. గాలి కొట్టిన బాతులు, రింగులు ఇంట్లోనే వదిలేసి రండి. పొద్దున పూట గాలి నేలమీంచి సముద్రంవైపు వీస్తుంటే, అవి పిల్లతో సహా లోపలికి కొట్టుకుపోతాయి.

ఇంకోటి, పెద్దవాళ్ళకే తెలియనిది. అలలు అటూ ఇటూ విరుగుతూ మధ్యలో ఒక పాయ మాత్రం ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తే, "ఇక్కడ అలలు లేవు, పిల్లకి బాగుంటుంది" అని అక్కడే దింపుతారు. చాలాసార్లు ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ వెనక్కి లాగేది ఆ పాయలోనే. పొరపాటున పెద్దవాళ్ళు చిక్కుకుంటే ఒడ్డువైపు ఈదుతూ అలసిపోకూడదు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి.

టెంట్ ఎక్కడ వెయ్యాలో సముద్రమే గీత గీసి చూపిస్తుంది. ఎండిన నాచు, గవ్వలు, పుల్లలు వరసగా పేరుకున్న గీత ఉంటుంది. కిందటి పోటు అక్కడిదాకా వచ్చిందన్నమాట. దానికి బాగా పైన, సరుగుడు తోటల వైపు వేసుకోండి. టెంట్‌తో ఇచ్చే మేకులు ఇసుకలో నిలవవు, ఒక్క గాలికి ఊడొస్తాయి. పాత బియ్యపు సంచి ముక్కల్లో ఇసుక నింపి, మూతికి తాడు కట్టి, మోచేతి లోతున పాతిపెడితే కదలదు. లోపల దోమల కాయిల్ గానీ బొగ్గుల కుంపటి గానీ పెట్టొద్దు, ఎంత చలేసినా సరే. మూసిన టెంట్‌లో ఆ పొగ ప్రాణం తీస్తుంది. దోమతెర, నిండు చేతుల చొక్కా చాలు.

రాత్రిపూట ఒడ్డున ఉండనిస్తారో లేదో అక్కడి మెరైన్ పోలీసుల్ని ముందే అడగండి. ఆ దగ్గర్లోనే ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ కూడా ఉంది, దాని హద్దుల్లోకి వెళ్ళకూడదు. నా మాట వింటే, టెంట్ ఉన్నా సరే టూరిజం వాళ్ళ రిసార్ట్‌లో ఒక గది కూడా తీసుకోండి. మావాడు ఆ రాత్రి పదకొండింటికి లేచి కూర్చుని, "అమ్మా, ఇది ఎప్పుడు పడుకుంటుంది?" అన్నాడు. ఏది నాన్నా అంటే, సముద్రంవైపు వేలు చూపించాడు. అది పడుకోదురా అన్నాను. ఇంక వాడూ పడుకోలేదు. ఒంటిగంటకి కారులో ఏసీ వేసి నిద్రపుచ్చాల్సి వచ్చింది. గది ఉంటే ఆ బాధ తప్పేది.

తిండికి పులిహోర, చపాతీలు, అరటిపళ్ళు. ఒడ్డున చేపల వేపుడు తింటే కళ్ళముందు వేయించింది తినండి. ఇరవై లీటర్ల మంచినీళ్ళ క్యాను ఒకటి తాగడానికి, ఒకటి పాపకి ఒళ్ళు కడగడానికి. ఇసుకతో, ఉప్పునీళ్ళతో పడుకోబెడితే తొడలు ఒరుసుకుని ఎర్రగా కందిపోతాయి.

అత్తగారిని కూడా తీసుకెళ్ళండి. గది ఆవిడ కోసమే అని చెప్పండి. ఎర్రతుండు మొదటి వంతు ఆవిడకే ఇవ్వండి.

ప్రశ్న: మాది విశాఖపట్నం. ఫిబ్రవరిలో ఒకరోజు రాత్రి భోంచేశాక మనవణ్ణి బీచ్‌కి తీసుకెళ్తే ఒక పెద్ద తాబేలు ఇసుక తవ్వుతూ కనిపించింది. వాడు ముట్టుకుంటానని గోల. నేను టార్చి వేసి చూపించాను, అది వెనక్కి తిరిగి నీళ్ళలోకి వెళ్ళిపోయింది. తప్పు చేశానా?

జవాబు: చేశారు మాస్టారూ, కానీ తెలియక చేశారు. అది ఆలివ్ రిడ్లే తాబేలు అయ్యుంటుంది, గుడ్లు పెట్టడానికి వచ్చింది. వెలుగు పడితే ఇలాగే పెట్టకుండా వెనక్కి పోతుంది. మళ్ళీ కనిపిస్తే టార్చి ఆర్పేసి, దాని ముందుకి వెళ్ళకుండా, వెనకవైపు దూరంగా కూర్చోండి. ముట్టుకోవడం, గుడ్లు తియ్యడం వన్యప్రాణుల చట్టం ప్రకారం నేరం.

ఒక్కో తాబేలు సుమారు వంద గుడ్లు పెడుతుంది, అవి పొదగడానికి నెలన్నర నుంచి రెండు నెలలు. మీ తీరంలోనే అటవీశాఖ వాళ్ళు ఆ గుడ్లు సేకరించి, కంచె వేసిన చోట ఇసుకలో పాతి, పిల్లలు బయటికి రాగానే సముద్రంలోకి వదులుతారు. ఎప్పుడు వదులుతారో వాళ్ళని కనుక్కుని మనవణ్ణి తీసుకెళ్ళండి. అరచేతిలో పట్టేంత పిల్లలు ఇసుక మీద పాక్కుంటూ పోతుంటే వాడు ముట్టుకుంటానని మళ్ళీ గోల చేస్తాడు. రెండు చేతులూ జేబుల్లో పెట్టించి, ఆ జేబుల్లో ముందే చెరో బిస్కెట్టూ వెయ్యండి.