లీగల్ ఎయిడ్ దరఖాస్తులో ఆదాయం తప్పు రాస్తే జైల్లో పెడతారా?

ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంటూ కూడా, భరణం కేసుకు లాయర్ కోసం పెట్టిన లీగల్ ఎయిడ్ దరఖాస్తులో ఆదాయం ఏమీ లేదని రాయించానని, ఇప్పుడు భయంగా ఉందని రాశారు. మీ టెన్షన్ నాకు అర్థమవుతోంది. నిరుడు మా అక్క విషయంలో అచ్చం ఇదే జరిగింది.

అక్క బ్లౌజులు కుడుతుంది. మామూలు రోజుల్లో నెలకు అయిదారు వేలు, పెళ్లిళ్ల సీజన్లో పది వేలు దాటుతాయి. కోర్టు గేటు బయట దరఖాస్తులు రాసే ఆయన "ఆదాయం ఉందంటే లాయర్ని ఇవ్వరమ్మా" అని, ఏమీ లేదని రాసేశాడు. అక్క సంతకం పెట్టేసింది. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఏమిటంటే, ఆ అబద్ధంతో అసలు అవసరమే లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు ఆదాయం ఎంతున్నా ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకు, పిల్లలకు, దివ్యాంగులకు, జైల్లో ఉన్నవాళ్లకు కూడా అంతే. ఆదాయ పరిమితి మిగతావాళ్లకే. అది మన రెండు రాష్ట్రాల్లో ఏడాదికి 3 లక్షలు.

శిక్ష సంగతికొస్తే, తెలిసి అబద్ధపు అఫిడవిట్ (ప్రమాణం చేసి సంతకం పెట్టిన కాగితం) ఇవ్వడం నేరమే. భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద కోర్టు విచారణలో అయితే ఏడేళ్ల వరకు జైలు, 10 వేల వరకు జరిమానా. మిగతా చోట్ల మూడేళ్ల వరకు, 5 వేల వరకు. కానీ పోలీసులు వారెంట్ లేకుండా వచ్చి పట్టుకుపోయే నేరం కాదిది. అబద్ధమని తెలిసే చెప్పారని రుజువు కావాలి. అది కాక, మోసంతో సాయం పొందారని తేలితే, లీగల్ ఎయిడ్ ఇచ్చే న్యాయ సేవాధికార సంస్థ లాయర్ని వెనక్కి తీసుకుని, అయిన ఖర్చు వసూలు చేయొచ్చు. అయితే ముందు నోటీసు ఇచ్చి మీ మాట వినాలి.

నన్నడిగితే, మీకు దీనికంటే దగ్గర్లో ఉన్న ప్రమాదం వేరే ఉంది. భరణం కేసుల్లో భార్యాభర్తలిద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం చూపిస్తూ అఫిడవిట్ వేయాలని 2020లో రజనీష్, నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కకిచ్చిన లాయరమ్మ అది తయారు చేయడానికి పాస్‌బుక్ అడిగారు. ఫోన్‌పేలో వచ్చిన మూడొందలు, నాలుగొందలు అన్నీ అందులో వరసగా ఉన్నాయి. పాత దరఖాస్తు చూసి ఆవిడ "అవతలి లాయర్ చేతిలో ఈ రెండు కాగితాలు పడితే నువ్వు చెప్పే ఏ మాటా జడ్జి నమ్మరు. బావ కొట్టాడన్నది కూడా" అన్నారు. అక్క అక్కడే ఏడ్చేసింది.

మర్నాడే సంస్థ కార్యాలయానికి వెళ్లి, జరిగింది జరిగినట్టు రాసి, అసలు ఆదాయంతో కొత్త అఫిడవిట్ ఇచ్చాం. సెక్రటరీ గారు, ఆయన కూడా జడ్జే, అక్కను అరగంట అడిగారు. గట్టిగానే మందలించారు. మహిళ కాబట్టి అర్హత పోలేదు, లాయర్నీ మార్చలేదు. కోర్టు అఫిడవిట్‌లో కుట్టు సంపాదన పైసలతో సహా రాశాం. ఆ సంపాదన ఉన్నా కోర్టు మధ్యంతర భరణం (కేసు తేలేదాకా ఇచ్చేది) ఇచ్చింది.

మీరూ అవతలివాళ్లు బయటపెట్టేదాకా ఆగకండి. ముందు మీ లాయర్‌కు చెప్పండి, ట్యూషన్ ఫీజుల లెక్క, పాస్‌బుక్ తీసుకెళ్లండి. లాయర్ని ఇంకా కేటాయించకపోతే లీగల్ ఎయిడ్ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసి అడగండి, డబ్బులు పడవు. ఈసారి సంతకం పెట్టేముందు ప్రతి లైను చదివించుకోండి.